నాలుగు గంటలు, అంతకు మించొద్దు

నాడోర్ ఊరి చివర, ఉప్పుకయ్య ఒడ్డున
నూనెశుద్ధి మిల్లు వెనకగదిలో
మీమూంత్‌ది రాత్రి డ్యూటీ.
బల్ల మీద కిలో మట్టి.
ఎప్పుడో ఒక కొండ కక్కిన బూడిద
ఉప్పునీళ్ళలో నాని నాని, ఇలా
సబ్బులా జారే ముద్దయింది.
తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పెచ్చులూడుతుంది,
నాలిక మీద పెడితే పట్టుకుని వదలదు.
(పెట్టి చూసింది. కొత్తలో అందరూ పెట్టి చూస్తారు.)

లోపలంతా పొరలు, మడతకాజా అనుకోండి.
మడతకీ మడతకీ మధ్య ఎవరెవరివో కాపురాలు:
కాల్షియం, సోడియం,
గోడల్లోకే కూరుకుపోయి ఇనుము, మెగ్నీషియం, అల్యూమినియం.
ఇల్లంతా కిటకిట.
కొత్తగా వచ్చిన రంగుకి
కాలు పెట్టే సందు లేదు.

అందుకని గంధకామ్లం.
తొంభై డిగ్రీల దగ్గర, మరగనివ్వకుండా,
చల్లారనివ్వకుండా, కలుపుతూ.
ఆమ్లం తలుపు తట్టి రాదు.
ముందు అద్దెకున్నవాళ్ళని గెంటేస్తుంది,
తర్వాత గోడల్లో చెయ్యి పెట్టి
ఒక్కో ఇటుకా పెరుకుతుంది.
ద్రావణం పసుపెక్కిందంటే
ఇనుము వీధిన పడిందన్నమాట.
ఇటుక ఊడిన ప్రతి చోటా ఒక గూడు.

"నాలుగు గంటలు, అంతకు మించొద్దు"
అని గోడ మీద బొగ్గుతో రాసి
ముసలి హద్దూ రిటైరై పోయాడు.
రెండుసార్లు సున్నం వేశారు.
ఆ అక్షరాలు మాత్రం వదిలేసి వేశారు.

తర్వాత కడగడం.
ఎవరూ చెప్పుకోని పని ఇదే.
కడుగు, తేరనివ్వు, వంపు, మళ్ళీ కడుగు.
వంపిన నీళ్ళలో బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే
విరిగిన పాలలా తెల్లబడుతుంది.
ఇంకా ఉంది.
తొమ్మిదోసారి, ఇంకా ఉంది.
పదకొండోసారి చుక్క చుక్కలాగే జారిపోయింది.
అప్పటికి చేతులు నానిన ఖర్జూరాలు,
తలగుడ్డకి రెండు కొత్త చిల్లులు,
కిటికీలో తెల్లవారి
కయ్యలో ఒంటికాలి మీద రాజహంసలు.

ఆరబెట్టి, దంచి, జల్లించి
ముదురాకుపచ్చ నూనెలో వేస్తే
పావుగంటకి నూనె లేత నిమ్మరంగు.
మట్టి తాగింది, నూనె తేరింది.
అర్కియా అత్త ఆ సీసా ఎత్తి చూసి
"దీనికి జ్వరమొచ్చిందా?" అంది.
ఆవిడ వంటింట్లో నూనెంటే
రొట్టె అంచుకి మరకంటాలి,
గొంతులో చిన్నగా గీరాలి.
మీమూంత్ నీళ్ళు నమిలింది.
జీతం మాత్రం ఆ నిమ్మరంగుకే ఇస్తారు.

ఒక రాత్రి నాలుగు దాటింది.
పెద్ద కారణమేం లేదు, కుర్చీలో కునుకు.
లేచేసరికి ఏడో గంట.
గాజుకుండలో ఎంత తెలుపో!
అంత తెల్లటి మట్టిని ఆమె ఎన్నడూ చూడలేదు.
కాసేపు సంతోషపడింది కూడా.
కడిగింది, ఎండబెట్టింది, నూనెలో వేసింది.
ఆకుపచ్చగా వెళ్ళిన నూనె
ఆకుపచ్చగానే తిరిగొచ్చింది.

హద్దూకి ఫోన్ చేస్తే
దగ్గు తెర తగ్గేదాకా ఆగి అన్నాడు:
"గోడలు కూడా పీకేస్తే
గూడెక్కడుంటుందే, పిచ్చిదానా?
అది ఇప్పుడు మట్టి కాదు. ఉత్త ఇసక."

లాగ్‌బుక్కులో రెండువందల పదిహేడో బ్యాచ్ ఎదురుగా
విద్యుత్ అంతరాయం అని రాయొచ్చు.
మిగతా షిఫ్టులవాళ్ళు అదే రాస్తారు.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
"నిద్రపోయాను" అని రాసింది.
ఒక రోజు జీతం కోశారు.

కడిగిన నీళ్ళన్నీ కాలవగుండా పోయి
పెరట్లో సున్నపుగోతిలో బుసబుస పొంగాయి.
ఒక తెలుపు కోసం
ఎంత పసుపుని పాతిపెడుతున్నాం అని
ఆమె చాలాసార్లు లెక్కేయబోయింది.
గోతికి కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు.

పారేయమన్న ఆ పొడిని
కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చింది.
ఎందుకో ఆమెకే తెలీదు.
వారం తర్వాత అర్కియా అత్త
ఇత్తడి టీకెటిల్‌ని కిటికీ వెలుగులో తిప్పుతూ
అందులో తన ముక్కు చూసుకుంటూ అంది:
"మీ మిల్లులో ఇన్నాళ్ళకి ఒక మంచి సరుకు చేశారు.
ఇంకా ఉందా?"